పదేళ్లకు ఒక్క తల్లి

2021 ఏప్రిల్. అమెరికాలోని ఐడహో రాష్ట్రం, ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు పడమటి పక్కనున్న అడవి. అక్కడి వన్యప్రాణి శాఖకు ఒక జీపీఎస్ కాలర్ నుంచి సంకేతం అందింది. కాలర్ కట్టిన జంతువు చాలాసేపు కదలకుండా ఉంటే దానంతటదే వెలువడే సంకేతం అది. చాలాసార్లు దానికి ఒకటే అర్థం: చావు. వెతుక్కుంటూ వెళ్లిన అధికారులకు లిటిల్ వార్మ్ నదిలో సగం మునిగి ఉన్న ఆడ గ్రిజ్లీ ఎలుగుబంటి కళేబరం కనిపించింది. ఒంట్లో తూటాలున్నాయి. ఆ తర్వాత, అది చలికాలం గడిపిన బొరియను కూడా కనుక్కున్నారు. లోపల దాని పిల్ల చచ్చి పడి ఉంది. తల్లి లేక, పాలు లేక, ఆ చీకట్లోనే దాని ప్రాణం పోయింది.

కాల్చినవారు చివరికి దొరికారు. కోర్టులో శిక్ష కూడా పడింది. అంతదాకా వెళ్లే దొంగవేట కేసులు తక్కువే. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆ రోజు అడవి ఎన్ని ఎలుగుబంట్లను పోగొట్టుకుంది? తల్లీ పిల్లా కలిపి రెండు అనుకుంటాం. జీవశాస్త్రం చెప్పే జవాబు అంతకన్నా పెద్దది. ఒక ఆడ గ్రిజ్లీ తన స్థానంలో నిలబడగల మరో ఆడ ఎలుగును పెంచి అడవికి అప్పగించేసరికి దాదాపు పదేళ్లు పడుతుందని అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అంచనా. తూటా పేలడానికి క్షణం చాలు, ఆ లోటు పూడడానికి దశాబ్దం కావాలి. గ్రిజ్లీ బతుకును, చావును అర్థం చేసుకోవాలంటే ఈ పదేళ్ల లెక్కను అర్థం చేసుకోవాలి.

నెరిసిన బొచ్చు, మూపు మీద గుట్ట

గ్రిజ్లీ వేరే జాతేమీ కాదు. ఐరోపాలో, రష్యాలో, మన హిమాలయాల్లో తిరిగే గోధుమరంగు ఎలుగుబంటికి అది ఉత్తర అమెరికా బంధువు. శాస్త్రీయ నామం ఉర్సస్ ఆర్క్టోస్ హారిబిలిస్. వెంట్రుకల కొసలు తెల్లబడి, ఒళ్లంతా నెరిసినట్టు కనిపిస్తుంది కనుక గ్రిజ్లీ అన్న పేరు వచ్చింది. 1804–06 మధ్య పడమటి అమెరికాను చూసివచ్చిన లూయిస్, క్లార్క్ బృందం దీని గురించి రాసిన వివరాల ఆధారంగా 1815లో జార్జ్ ఓర్డ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీనికి 'హారిబిలిస్' అని పేరు పెట్టాడు. భయంకరమైనది అని దాని అర్థం. ఆ పేరే దాని నెత్తిన ముద్రగా పడింది.

చూడడానికి భయపెట్టే జంతువే. మగది 180 నుంచి 360 కిలోల దాకా తూగుతుంది. వేళ్ల గోళ్లు పది సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. అంత బరువుతోనూ గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తగలదు. మూపు మీద గుట్టలా లేచి కనిపించేదంతా కండ. ఆ కండ, ఆ గోళ్లు ప్రధానంగా పనికొచ్చేది నేల తవ్వడానికి. వసంతంలో గడ్డి, లేత మొక్కలు, దుంపలు, వేసవిలో కాయలు, పండ్లు, చీమలు, దొరికితే చేపలు, జింక పిల్లలు, చలికి చచ్చిన జంతువుల మాంసం, ఇదీ దాని ఏడాది భోజనం.

ఎల్లోస్టోన్ కొండలపై ఒక వింత కనిపిస్తుంది. వేసవిలో మైదానాల పొలాల నుంచి ఆర్మీ కట్‌వర్మ్ అనే రెక్కల పురుగులు లక్షలుగా ఎగిరివచ్చి, మూడు వేల మీటర్ల ఎత్తున రాళ్ల గుట్టల సందుల్లో చేరతాయి. రాత్రిళ్లు కొండపూల మకరందం తాగి ఒళ్లంతా కొవ్వు నింపుకొంటాయి. పగలు గ్రిజ్లీలు రాళ్లు దొర్లించి వాటిని నాకేస్తాయి. ఒక్క ఎలుగు రోజుకు 40 వేల పురుగుల దాకా తినగలదని పరిశోధకులు లెక్క తేల్చారు. అంత పెద్ద జంతువు అరచేయంత కూడా లేని పురుగుల కోసం కొండ కొమ్ముకెక్కడం ఎందుకంటే, దానికి కావలసింది కొవ్వు. ఆ కొవ్వు దాని ప్రాణానికి మాత్రమే కాదు, రాబోయే పిల్లల పుట్టుకకూ పెట్టుబడి.

ఆగి పెరిగే పిండం

గ్రిజ్లీలు మే నుంచి జులై మధ్య జతకడతాయి. అండం ఫలదీకరణ చెంది, చిన్న కణాల ముద్దగా మారి, అక్కడ ఆగిపోతుంది. నెలల తరబడి గర్భాశయం గోడకు అంటుకోకుండా అలా తేలుతూనే ఉంటుంది. ఈలోగా తల్లి మేస్తూ, కొవ్వు కూడబెడుతూ ఉంటుంది. చలికాలం మొదలై, నవంబరు ప్రాంతంలో బొరియలోకి చేరాక, ఒంట్లో నిల్వ సరిపడా ఉంటేనే ఆ పిండం గర్భాశయానికి అతుక్కుని పెరగడం మొదలుపెడుతుంది. నిల్వ చాలకపోతే ఆ ఏడు కాన్పు ఉండదు. కరువు ఏడు పిల్లలను కనకుండా ఆపే ఏర్పాటు తల్లి ఒంట్లోనే ఉందన్నమాట. శాస్త్రజ్ఞులు దీన్ని ఆలస్య ప్రతిస్థాపన అంటారు.

జనవరి చివరలోనో ఫిబ్రవరి మొదట్లోనో, మంచు కింద బొరియలో పిల్లలు పుడతాయి. సాధారణంగా రెండు. ఒక్కోటి అర కిలో బరువుంటుంది. కళ్లు తెరవవు, ఒంటి మీద బొచ్చు ఉండీ లేనట్టుంటుంది. తల్లి ఒంట్లోని కొవ్వే చిక్కటి పాలుగా మారి వాటి నోట్లోకి వెళుతుంది. వసంతంలో బయటికొచ్చిన పిల్లలు ఇంకో రెండు మూడేళ్లు తల్లి వెంటే తిరుగుతాయి. ఏ దుంప ఎక్కడ దొరుకుతుందో, ఏ వాసన వస్తే పారిపోవాలో నేర్చుకుంటాయి. పిల్లలు వెంట ఉన్నంతకాలం తల్లి మళ్లీ జతకట్టదు.

ఇప్పుడు లెక్క వేసుకుందాం. ఆడ గ్రిజ్లీ తొలి కాన్పు ఐదారేళ్ల వయసులో. ఆ తర్వాత మూడేళ్లకో కాన్పు. పుట్టిన పిల్లల్లో తొలి ఏడు దాటేవి కొన్నే. దాటినవాటిలో సగం మగవి. మిగిలిన ఆడపిల్ల పెరిగి, తాను తల్లి అయ్యేదాకా బతకాలి. వీటన్నిటినీ కలిపితే వచ్చేదే ఆ పదేళ్ల లెక్క. భూమ్మీది పాలిచ్చే జంతువుల్లో ఇంత నెమ్మదిగా సంతానం పెంచేవి తక్కువ. కుందేలు, అడవిపంది ఒకటీ రెండూ పోతే మరుసటి ఏడాదికే పూడ్చుకుంటాయి. గ్రిజ్లీకి ఆ వెసులుబాటు లేదు.

ఆకలిని జయించిన ఒళ్లు

ఈ తల్లి ఆ పిల్లలను కనే సమయంలో తాను ఏమీ తినడం లేదన్న సంగతి మరవొద్దు. ఐదు నుంచి ఏడు నెలల పాటు గ్రిజ్లీ తినదు, తాగదు, మలమూత్రాలు విసర్జించదు. దీన్నే శీతాకాల సుప్తావస్థ అంటారు. గుండె నిమిషానికి 20 సార్లలోపే కొట్టుకుంటుంది. ఒంటి వేడి మాత్రం నాలుగైదు డిగ్రీలకు మించి తగ్గదు. అందుకే అలికిడైతే లేవగలదు, పిల్లలకు పాలివ్వగలదు.

మనిషి ఆరు నెలలు మంచం పడితే కండ కరిగిపోతుంది, ఎముక గుల్లబారుతుంది. ఎలుగుకు ఆ నష్టం చాలా స్వల్పం. రక్తంలో చేరిన యూరియాను బయటికి పంపకుండా, అందులోని నత్రజనితో మళ్లీ ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. చలికాలం పొడవునా దాని ఒళ్లు ఇన్సులిన్‌కు సరిగా స్పందించదు. మనుషుల్లో అయితే ఇది మధుమేహానికి దారితీసే స్థితి. ఎలుగులో మాత్రం వసంతం రాగానే ఆ స్థితి దానంతటదే సర్దుకుంటుంది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఎలుగుబంట్ల పరిశోధన కేంద్రంలోని శాస్త్రవేత్తలు, ఈ మార్పు వెనక ఉన్నాయని భావిస్తున్న ఎనిమిది ప్రొటీన్లను 2022లో గుర్తించారు. ఇంటింటా చక్కెర వ్యాధి ఉన్న మన దేశానికి ఇది పరాయి సంగతి కాదు. ఆ అడవిలో పడుకున్న జంతువు ఒంట్లో మన జబ్బుకు సంబంధించిన కీలకం ఒకటి ఉండొచ్చు.

యాభై వేల నుంచి వెయ్యిలోపుకు

ఐరోపా వలసలు పడమటికి వ్యాపించక ముందు, అలాస్కాను మినహాయించి నేటి అమెరికా ప్రధాన భూభాగంలో గ్రిజ్లీలు దాదాపు 50 వేలు ఉండేవని అంచనా. పసిఫిక్ తీరం నుంచి మధ్య మైదానాల దాకా, కింద మెక్సికో దాకా తిరిగేవి. పశువుల మందలు వచ్చాయి, వాటి వెనకే తుపాకులు, ఇనుప బోనులు, విషం పెట్టిన కళేబరాలు వచ్చాయి. చంపినవారికి ప్రభుత్వాలే బహుమతి సొమ్ము ఇచ్చాయి. కాలిఫోర్నియా 1911లో గ్రిజ్లీ బొమ్మ ఉన్న జెండాను తన అధికారిక జెండాగా చేసుకుంది. 1920ల మధ్యకల్లా ఆ రాష్ట్రంలో బతికున్న గ్రిజ్లీ ఒక్కటీ లేదు. జెండా మీది ఎలుగు మాత్రం నేటికీ నడుస్తూనే ఉంది.

1922లో ప్రధాన భూభాగంలో మిగిలిన 37 చోట్లలో 31 చోట్ల 1975 నాటికి ఈ జంతువు తుడిచిపెట్టుకుపోయింది. సంఖ్య వెయ్యిలోపుకు దిగింది. ఎల్లోస్టోన్ ప్రాంతంలో ఉన్నవి 136 అన్నది నాటి అంచనా. ఆ ఏడాది జులై 28న అమెరికా ప్రభుత్వం గ్రిజ్లీని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చి చట్టరక్షణ కల్పించింది. యాభై ఏళ్ల ఓపికకు ఫలితం దక్కింది. ఇవాళ ఎల్లోస్టోన్ పరిసరాల్లో వెయ్యి దాకా, మోంటానా రాష్ట్రపు ఉత్తర పర్వతాల్లో వెయ్యికి పైగా ఉన్నాయి. కానీ ప్రధాన భూభాగమంతా కలిపినా రెండు వేల పైచిలుకే. ఉత్తర కాస్కేడ్ పర్వతాల అమెరికా భాగంలో 1996 తర్వాత గ్రిజ్లీ కనిపించినట్టు నిర్ధారణ కాలేదు. మోంటానా, ఐడహో సరిహద్దులోని క్యాబినెట్-యాక్ ప్రాంతంలో ఉన్నవి అరవై పైచిలుకు. అంత చిన్న సంఖ్యలో రెండు ఆడ ఎలుగులు పోతే ఏళ్ల శ్రమ వెనక్కి పోయినట్టే.

అదే క్యాబినెట్-యాక్ ఇంకో పాఠం కూడా చెబుతుంది. 1990–94 మధ్య కెనడా నుంచి నాలుగు పడుచు ఆడ ఎలుగులను తెచ్చి అక్కడ వదిలారు. వాటిలో ఒకటి నిలదొక్కుకుని పిల్లలను కన్నది. ఆ పిల్లలకు పిల్లలు పుట్టాయి. వెంట్రుకల డీఎన్ఏ పరీక్షలతో ఈ వంశవృక్షం బయటపడింది. ఒక్క తల్లి బతికితే ఒక కొండ మళ్లీ కళకళలాడుతుంది. ఒక్క తల్లి చస్తే ఆ వంశమే పుట్టకుండా పోతుంది.

కాల్చు, పూడ్చు, నోరు మూసుకో

పడమటి అమెరికా పల్లెల్లో చట్టరక్షణ ఉన్న జంతువుల గురించి ఒక మాట చెలామణిలో ఉంది: కాల్చు, పూడ్చు, నోరు మూసుకో. దొంగవేట స్వభావమంతా ఆ మూడు మాటల్లో ఉంది. దీనికి కారణాలు ఒకటి కాదు. కొందరికి పశువులు పోతాయన్న కసి. కొందరికి ప్రభుత్వం మీద కోపం, అది జంతువు మీదికి మళ్లుతుంది. కొందరికి గోళ్లు, చర్మం ఇంట్లో వేలాడదీయాలన్న సరదా. కొందరు నల్ల ఎలుగు వేటకు లైసెన్సు తీసుకుని వెళ్లి, గ్రిజ్లీని పొరపాటున కాల్చి, భయపడి దాచేస్తారు. రంగును బట్టి ఈ రెంటినీ వేరు చేయలేం. నల్ల ఎలుగుల్లోనూ గోధుమరంగువి ఉంటాయి. మూపు మీది గుట్ట, లోపలికి వంగిన ముఖం, పొట్టి గుండ్రటి చెవులు, పొడవాటి గోళ్లు చూసి పోల్చుకోవాలి. అందుకే మోంటానాలో నల్ల ఎలుగును వేటాడదలచినవారు ముందు గుర్తింపు పరీక్ష పాసవ్వాలి.

వీటన్నిటి మీద మరో నీడ ఉంది, అది పిత్తాశయాల వ్యాపారం. ఎలుగు పైత్యరసంలో ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్లం ఉంటుంది. ఉర్సస్ అంటే లాటిన్‌లో ఎలుగు, మందు పేరులోనే జంతువు పేరుంది. తూర్పు ఆసియా సంప్రదాయ వైద్యంలో శతాబ్దాలుగా దీన్ని వాడుతున్నారు. ఈ వ్యాపారానికి ఉత్తర అమెరికాలో ఎక్కువగా బలైనవి నల్ల ఎలుగులు. ఎండబెట్టిన పిత్తాశయం ఏ ఎలుగుదో కంటికి తెలియదు. అంతర్జాతీయ ఒప్పందం కింద గ్రిజ్లీ భాగాల రవాణాపైనా నియంత్రణ ఉంది. ఒరెగాన్ రాష్ట్రం యాష్‌లాండ్‌లోని వన్యప్రాణి నేర పరిశోధన ప్రయోగశాల పట్టుబడిన సంచులను పరీక్షిస్తే, ఎలుగువని చెప్పి అమ్మినవాటిలో పంది పిత్తాశయాలు కూడా తేలాయి. ఇక్కడ మనం గట్టిగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఈ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతి 1950ల్లోనే జపాన్‌లో వచ్చింది. ఇవాళ మన ఊళ్లో కాలేయ వైద్యుడు రాసిచ్చే మాత్రలో ఉన్నదీ అదే మందు. దాని కోసం ఏ ఎలుగూ చావనక్కర లేదు.

సగం చావులు కంటికి కనిపించవు

గ్రిజ్లీల చావులన్నీ దొంగవేట కావు. పశువులను చంపినవాటిని, చెత్తబుట్టలకు మరిగి ఇళ్ల మీదికి వచ్చినవాటిని అధికారులే చంపవలసి వస్తుంది. జింకల వేటకు వెళ్లినవారు అకస్మాత్తుగా ఎదురుపడి ప్రాణభయంతో కాలుస్తారు. రోడ్లు, రైళ్లు కొన్నిటిని బలి తీసుకుంటాయి. ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. దొంగవేట మాత్రం లెక్కకు అందదు, దాని ప్రమాదం అక్కడే ఉంది.

ఎంత అందడం లేదో తెలుసుకోవడానికి రేడియో కాలర్ ఒక దారి చూపింది. ఎల్లోస్టోన్‌లో ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ సోదరులు 1961లో తొలిసారి ఒక ఆడ గ్రిజ్లీకి రేడియో కాలర్ కట్టారు. ఆ తర్వాత, 1975 నుంచి 1997 దాకా రాకీ పర్వత ప్రాంతాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి పరిశోధకులు 1999లో ఒక విశ్లేషణ వెలువరించారు. కాలర్ కట్టిన 388 గ్రిజ్లీల్లో, కాలర్ ఉండగా చనిపోయినవి 99. వాటిలో నాలుగింట మూడొంతులకు పైగా మనుషుల చేతిలో పోయినవే. ఆ కాలర్లే లేకపోతే ఈ చావుల్లో దాదాపు సగం అధికారుల దృష్టికి వచ్చేవే కావు. కాలర్ లేని ఎలుగును కాల్చి లోయలోకి తోసేస్తే అడిగేవారు ఎవరు?

చావు ఎక్కడ జరుగుతుందో కూడా పరిశోధన చెప్పింది. కెనడాలోని బాన్ఫ్, యోహో జాతీయ పార్కుల్లో 1971–98 మధ్య మనుషుల వల్ల చచ్చిన గ్రిజ్లీల్లో, స్థలం కచ్చితంగా తెలిసినవన్నీ రోడ్డుకు 500 మీటర్లలోపో కాలిబాటకు 200 మీటర్లలోపో చనిపోయాయి. దొంగవేటకు, పొరపాటు వేటకు, ఢీకొట్టే వాహనానికి దారి ఒక్కటే. కలప కోసం వేసిన మట్టిరోడ్డు, పని ముగిశాక కూడా తెరిచి ఉంటే, అది తుపాకీ పట్టుకున్నవాడికి తలుపు తీసి పెట్టినట్టే. ఆ రోడ్లకు గేట్లు వేసి మూసేయడం గ్రిజ్లీ రక్షణలో చవకైన, నమ్మకమైన పని.

చట్టంలో కూడా బలహీనత ఉంది. తాను కాలుస్తున్నది ఏ జంతువో తెలిసే కాల్చాడని నిరూపిస్తే తప్ప కేంద్ర చట్టం కింద క్రిమినల్ కేసు పెట్టకూడదన్న విధానాన్ని అమెరికా న్యాయశాఖ చాలాకాలంగా పాటిస్తోంది. 'నల్ల ఎలుగనుకున్నాను' అన్న ఒక్క మాటతో చాలామంది బయటపడతారు. పొరపాటు నిజంగా జరగొచ్చు. కానీ గురి చూసిన జంతువేదో తేల్చుకోకుండా మీట నొక్కడం కూడా నేరమేనని ఒప్పుకోకపోతే పదేళ్ల నష్టానికి ఎవరూ జవాబుదారీ కారు.

మిరప ఘాటు, కరెంటు కంచె

జనానికి ఎలుగు మీద కోపం తగ్గితే దొంగవేట కూడా తగ్గుతుంది. కోపం తగ్గాలంటే నష్టం తగ్గాలి. మోంటానాలోని బ్లాక్‌ఫుట్ లోయలో రైతులు, పశుపాలకులు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. చచ్చిన పశువులను పొలాల్లో వదలకుండా వాహనంతో సేకరించి దూరంగా తరలిస్తారు. కోళ్లగూళ్లకు, తేనెపెట్టెలకు కరెంటు కంచె వేస్తారు. వాసన లేనిచోటికి ఎలుగు వచ్చే అవకాశం తక్కువ. అక్కడ ఎలుగులతో గొడవలు బాగా తగ్గాయి.

అడవికి వెళ్లేవారి చేతిలో ఉండవలసింది ఎలుగు స్ప్రే. అందులోని క్యాప్సైసిన్ మన గుంటూరు మిరపకాయలో ఉండే ఘాటు పదార్థమే. అలాస్కాలో 1985–2006 మధ్య ఎలుగులు ఎదురుపడిన సందర్భాలను పరిశీలించిన అధ్యయనంలో, ఈ స్ప్రే నూటికి 92 సార్లు గోధుమరంగు ఎలుగును వెనక్కి తగ్గేలా చేసింది. వాడినవారిలో నూటికి 98 మందికి గాయమే కాలేదు. ప్రాణభయం వేసిన క్షణంలో కూడా తుపాకీ తప్ప దారి లేదనడం నిజం కాదని దీన్నిబట్టి తేలుతుంది.

సరదా వేటకు కళ్లెం వేసిన ప్రభుత్వాలూ ఉన్నాయి. కెనడాలోని ఆల్బర్టా 2006లో గ్రిజ్లీ వేటను ఆపింది. 15 వేల దాకా గ్రిజ్లీలున్న బ్రిటిష్ కొలంబియా 2017 డిసెంబరులో గ్రిజ్లీ వేట లైసెన్సులకు స్వస్తి పలికింది. ఎల్లోస్టోన్ ఎలుగులు మిగతావాటికి దూరమై, రక్తసంబంధాల్లోనే పెరుగుతున్నాయన్న ఆందోళనతో 2024 వేసవిలో ఉత్తర మోంటానా నుంచి రెండు గ్రిజ్లీలను తెచ్చి అక్కడ వదిలారు.

మన గుడ్డెలుగు

ఈ కథ అమెరికాది. లెక్క మాత్రం మనదీ. నల్లమల నుంచి శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల దాకా మన మధ్య తిరిగే గుడ్డెలుగు కూడా నెమ్మదిగా కనే జంతువే. ఒకటో రెండో పిల్లలు, వాటిని వీపు మీద ఎక్కించుకుని తిరిగే తల్లి, రెండు మూడేళ్లకో కాన్పు. వన్యప్రాణి రక్షణ చట్టంలో దానికి మొదటి షెడ్యూలు స్థానం ఉంది. అడవి తరిగి, తోటలు పెరిగి, అది మనిషికి ఎదురుపడినప్పుడు ఊరి భయం న్యాయమైనదే. ఆ భయానికి మందు వెలుతురు, చెత్త శుభ్రం, తొందరగా వచ్చే అటవీ సిబ్బంది, సరైన పరిహారం. పంది కోసం పెట్టామంటూ వేసే కరెంటు తీగ, ఉచ్చు దానికి మందు కావు. ఆ ఉచ్చులో పడేది ఏ జంతువో వేసినవాడికీ తెలియదు.

ఒక తల్లిని బతకనిస్తే ఏమవుతుందో చూడడానికి మళ్లీ అమెరికాకు వెళదాం. వయోమింగ్ రాష్ట్రంలోని గ్రాండ్ టెటాన్ పార్కులో 399 అన్న నంబరు గల ఆడ గ్రిజ్లీ ఒకటుండేది. 1996లో పుట్టింది. 2020లో నాలుగు పిల్లలతో బొరియ నుంచి బయటికొచ్చి లోకాన్ని ఆశ్చర్యపరిచింది. 27 ఏళ్ల వయసులోనూ ఒక పిల్లను వెంటేసుకుని తిరిగింది. ఎనిమిది కాన్పుల్లో 18 పిల్లలను కన్నది. 2024 అక్టోబరు 22 రాత్రి ఒక కారు ఢీకొని చనిపోయింది. ఎవరూ దాని మీద తుపాకీ ఎత్తలేదు కనుకనే అది 28 ఏళ్లు బతికింది, అందుకే అన్ని పిల్లలను కనగలిగింది.

ఐడహో నదిలో పడి ఉన్న తల్లికి ఆ అవకాశం దక్కలేదు. బొరియలోని పిల్లకూ దక్కలేదు. అడవిలో ఒక ఆడ ఎలుగును చంపినవాడు ఒక జంతువును కాదు, రాబోయే పదేళ్లను చంపుతున్నాడు. ఎక్కడ దొంగవేట సంగతి తెలిసినా, ఉచ్చు కనిపించినా, మన అటవీశాఖకు ఒక్క కబురు చేయండి. పదేళ్లు పట్టే పనిని ఆ ఒక్క కబురు కాపాడుతుంది.